ఉబ్బిన మూతలు

షరీఫున్నీసా మేడమ్‌కి కోపం ఎక్కువని శిక్షణ కేంద్రంలో అందరూ అంటారు. అనేవాళ్లకేం పోయింది, అంటారు. దువ్వాడ స్టేషన్ నుంచి కొంచెం లోపలికి వెళితే ఒక అద్దె మేడలో ఉంది ఆ కేంద్రం. కింద కుట్టుపని, పైన ఆహార పదార్థాల తయారీ, నిల్వ. ఆ పై గదిలో రెండు గ్యాసు పొయ్యిలు, ఒక మిక్సీ, కొన్ని పెద్ద గిన్నెలు, గోడ నిండా ఫొటోలు. ఫొటోల్లో ఉన్న సామానేదీ గదిలో లేదు. కూరగాయలు ఎండబెట్టే యంత్రం ఫొటోలో ఉంది. సీసాలకు సీలు వేసే మిషను ఫొటోలో ఉంది. ఎక్కడండీ అవి అని అడిగితే కోఆర్డినేటర్ గురునాథరావు, "ప్రాసెస్‌లో ఉన్నాయి మేడమ్, వచ్చేస్తాయి" అంటాడు. ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ అవి వచ్చేస్తూనే ఉన్నాయి. దీనికి కోపం రాకపోతే ఇంక దేనికి రావాలి?

ఉద్యోగం కూడా అలాంటిదే. ఏటా మార్చి నెలాఖరుకి ఊడిపోతుంది, ఏప్రిల్లో మళ్లీ అతుక్కుంటుంది. ఆ అతుక్కునే రోజుల్లో కాంట్రాక్టు వాళ్లెవరూ నోరెత్తరు. షరీఫున్నీసా సరిగ్గా ఆ రోజుల్లోనే ఎత్తుతుంది. గ్యాసు బండ అయిపోయిందని, నీళ్ల ట్యాంకు కడిగించలేదని, నేర్చుకునేవాళ్లకి ఏప్రన్లు ఇచ్చినట్టు ఫొటో తీసి మళ్లీ వెనక్కి లాక్కున్నారని గురునాథరావు గదిలోకి వెళ్లి నిలబడి అడుగుతుంది. కూర్చోమన్నా కూర్చోదు. కూర్చుంటే టీ తెప్పిస్తాడు, టీ తాగాక కోపం సగానికి దిగిపోతుంది, అది ఆయనకి బాగా తెలుసు.

ఆమె పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో. ఆటో పట్టాలంటే మనిషి గోడకి అంటుకుపోవాల్సిన సందులో ఇల్లు. తండ్రి టోకు దుకాణంలో దినుసులు తూచేవాడు. తల్లి పెళ్లిళ్లకి నిమ్మకాయ పచ్చడి, ఉసిరి మురబ్బా చేసి ఇచ్చేది. ఓడరేవు వైపు నుంచి గాలి తిరిగిందంటే మేడ మీద ఆరబెట్టిన ముక్కల మీద నల్లటి బొగ్గు దుమ్ము పరుచుకునేది. తల్లి వాటి మీద పల్చటి మల్లు గుడ్డ పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, కూతుర్ని కాపలా కూర్చోబెట్టేది. గాలి ఎటు తిరుగుతోందో చూస్తూ కూర్చోవడమే షరీఫున్నీసాకి మొదటి చదువు.

రెండో చదువు చేదుగా వచ్చింది. ఆమె చిన్నతనంలో అదే సందులో ఒక పెళ్లి. వేసవి. ముందురోజే వండేసి డేగిసాల్లో మూతపెట్టి ఉంచిన మాంసాన్ని మర్నాడు పైపైన వేడిచేసి వడ్డించారు. తిన్నవాళ్లలో చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. షరీఫున్నీసా దాదీ, వాళ్ల నాన్నమ్మ, ఇంటికి తిరిగి రాలేదు. పెద్దవాళ్లంతా కూర్చుని దిష్టి తగిలిందని తేల్చారు. పెళ్లి అంత బాగా జరిగితే కళ్లు పడవా అన్నారు. ఆ పిల్లకి ఏడుపుకంటే ముందు ఒళ్లు మండింది. మూత తీసినప్పుడు వచ్చిన వాసన తనకి తెలుసు, వడ్డించినవాడికీ తెలుసు, అయినా అందరూ ఎవరి కళ్లనో తప్పుపడుతున్నారు. ఆ మంట ఆమెని హోంసైన్సు డిగ్రీ దాకా, ఆ తర్వాత ఆహార నిల్వలో డిప్లొమా దాకా తోసుకుపోయింది. మంట మాత్రం అక్కడితో ఆగలేదు.

ఆమె భర్త కరీం బాషా గడియారాలు బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు. భార్య ఇంటికొచ్చి గురునాథరావుని తిడుతుంటే కంటికి భూతద్దం బిగించుకుని వింటూ, "అరె షరీఫా, ఆ గుస్సా కూడా సీసాలో పోసి మూత బిగించరాదా, ఏడాదంతా నిల్వ ఉంటాది" అంటాడు. ఆమె ఇంకా మండిపడుతుంది. అలా మండిపడ్డాకే అన్నం తింటుందని ఆయన లెక్క.

ఆమె పాఠం చెప్పే తీరు కేంద్రంలో ఎవరికీ నచ్చదు. పచ్చళ్లు నేర్చుకుందామని వచ్చిన ఆడవాళ్లని మొదటి రోజు పొయ్యి ముట్టించనివ్వదు. బంగాళాదుంపలు ఉడికించి ముక్కలు కోస్తుంది. ఒక ముక్కని బస్సు దిగి వచ్చిన చేతులతో ముట్టుకోమంటుంది. ఒకదాన్ని ఊరికే నీళ్లతో కడిగిన చేతులతో, ఇంకొకదాన్ని సబ్బుతో రుద్ది కడిగి ఆరిన చేతులతో. మూడింటినీ మూతపెట్టి అల్మారాలో ఉంచుతుంది. కొన్నాళ్లకి తీసి చూపిస్తే మొదటి ముక్క మీద బూజు గడ్డంలా వేలాడుతుంటుంది. అందరూ ముక్కు మూసుకుంటారు. "ఇది దుంప మీద నుంచి రాలేదమ్మా, మన చేతుల మీద నుంచి వచ్చింది. ఊరగాయ సంగతి తర్వాత చూద్దాం" అంటుంది. ఆ మాటకి నొచ్చుకుని సగంమంది మర్నాడు మానేస్తారు. మిగిలినవాళ్లు సర్టిఫికెట్ కోసం కూర్చుంటారు. ఇన్నేళ్లలో ఆమెని ఎదురు ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

అనూరాధ వచ్చేదాకా లేరు. జాలరిపేట కోడలు. ఆమె మొగుడు బాబీ పెద్ద బోటు మీద వేటకి వెళతాడు. అత్త పోతమ్మ గంపలో చేపలు పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. మోకాళ్లు అరిగిపోయి పోతమ్మ తిరగలేకపోతోంది కాబట్టి, కోడలు ఒకచోట కూర్చుని అమ్మగలిగే సరుకేదైనా నేర్చుకోవాలని పంపించింది. అనూరాధ మొదటి వారమే చెయ్యెత్తింది.

"మేడమ్, రొయ్య సచ్చిపోయింది కదా. మరి పాడవడానికి అందులో ఇంకా ఏటి బతుకుతాది?"

తరగతి నవ్వింది. షరీఫున్నీసా నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది.

"రొయ్య చచ్చినా దాన్ని పట్టుకున్నవి చావవు బేటీ. కంటికి కనిపించవు. వాటికి తిండి కావాలి, తడి కావాలి. తిండి ఎలాగూ రొయ్యే. తడిని మనం తియ్యాలి. ఉప్పేస్తే నీళ్లు బయటికొస్తాయి, వేపితే ఆవిరైపోతాయి. మిగిలిన కాస్త తడిలో అవి బతకకుండా నిమ్మరసం పులుపు. పైన గాలి తగలకుండా నూనె."

"ఉప్పు ఎక్కువేసేత్తే సరిపోద్ది కదా, పులుపు ఏల?"

"నువ్వు తినగలవా అంత ఉప్పు?"

"మావోలు తింటారు మేడమ్."

ఆరోజు షరీఫున్నీసా ఇంటికి వెళ్లి గురునాథరావుని తిట్టడం మరిచిపోయింది. కరీం బాషా భూతద్దం తీసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

నెలలు గడిచేకొద్దీ అనూరాధ నేర్చుకుంది. రొయ్య వీపు చీల్చి నల్లటి దారం తియ్యడం, పసుపూ ఉప్పూ పట్టించి ఊరిన నీళ్లు ఇగిరేదాకా ఉడికించడం, గలగలమనేదాకా వేపడం, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయేదాకా ఓపిక పట్టడం, పూర్తిగా చల్లారాకే నిమ్మరసం కలపడం. సీసాలు మరిగే నీళ్లలో ఉడికించి, తుడవకుండా బోర్లించి ఆరబెట్టడం. తుడవకూడదని ఎందుకో కూడా అడిగింది. గుడ్డకున్నవన్నీ సీసాకి అంటుతాయని చెప్పించుకుంది.

అప్పుడే బీచ్ రోడ్డులో ప్రదర్శన అన్నారు, చూడటానికి ప్రభుత్వంలో ఒక పెద్దావిడ వస్తుందన్నారు. శిక్షణ పొందిన ఆడవాళ్లు తమ సరుకు బల్ల మీద పెట్టాలి. ఎవరి సరుకు నచ్చితే వాళ్లకి రైతుబజారు పక్కన కొత్తగా కట్టిన గదుల్లో ఒకటి ఇస్తారు. కేంద్రం తరఫున అనూరాధ రొయ్యల పచ్చడి వెళుతుందని గురునాథరావే చెప్పాడు. ఆ పిల్ల ఆ గదిని ముందే వెళ్లి చూసొచ్చింది. షట్టరు నీలం రంగుదని, ముందు కాస్త గట్టు ఉందని, దాని మీద అత్త కూర్చోవచ్చని షరీఫున్నీసాకి చెప్పింది. గంప దించి కూర్చునే చోటు పోతమ్మకి ఈ జన్మలో దొరుకుతుందనుకోలేదట.

పచ్చడి పెట్టే వేళకి కేంద్రంలో గ్యాసు అయిపోయింది. "వచ్చే నెల బండ వస్తుంది మేడమ్" అన్నాడు గురునాథరావు. ప్రదర్శన ఈ నెలలో. ఈయనగారి బండ వచ్చే నెలలో. షరీఫున్నీసా నాలుగు మాటలని, ఉడికించిన సీసాలు మూటగట్టుకుని తనే జాలరిపేట వెళ్లింది. అనూరాధ ఇంట్లో పొయ్యి పక్కన నిలబడి చివరిదాకా చూసింది. ఎక్కడా తప్పులేదు. చల్లారేసరికి పొద్దుపోతుంది కాబట్టి, మర్నాడు పొద్దున్నే నిమ్మరసం కలిపి సీసాల్లో నింపమని చెప్పి బస్సెక్కేసింది.

నింపిన సీసాలు అనూరాధ కేంద్రానికి తెచ్చింది. ఎర్రటి నూనె పైకి తేలి చూడముచ్చటగా ఉన్నాయి. షరీఫున్నీసా వాటిని అల్మారాలో పెట్టి తాళం వేసింది. తను చెయ్యి పెట్టిన సరుకునైనా కొన్నాళ్లు పక్కన ఉంచి చూడనిదే ఆమె బయటికి పంపదు.

ప్రదర్శనకి ముందటి రోజు తాళం తీసింది. సీసాల మూతలు నడుమ ఉబ్బి ఉన్నాయి. ఒక మూత సడలించింది. బుస్సుమని గాలి వచ్చింది, నూనెలోంచి బుడగలు లేచాయి. ఆ వాసన ఆమెకి తెలుసు. దాదీ పోయిన రోజు నుంచీ తెలుసు.

తరగతి నిండుగా ఉంది. మేడమ్ భాష ఎగిరిపోయి సందు భాష వచ్చేసింది.

"ఏటే అనూరాధా, ఇదేటే? తడి చేత్తో నింపినావా? గరిటె కడిగి అలాగే పెట్టేసినావా? నెలల తరబడి గొంతు పోయేలా చెప్పింది దీనికా? ఇది తిన్నవాడి గతేంటో తెలుసా నీకు?"

అనూరాధ తల దించుకుంది.

"మాట్లాడవేం? తప్పు చేశానని చెప్పు, లేదా చెయ్యలేదని చెప్పు."

ఆ పిల్ల రెండూ చెప్పలేదు. కళ్లలోంచి నీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు. ఎప్పుడూ ఏల, ఏల అని అడిగే నోరు అలా మూసుకోవడం చూసి షరీఫున్నీసాకి కోపం రెట్టింపయింది. అప్పుడు గురునాథరావు లోపలికి వచ్చాడు. సీసాలు చూశాడు. ఆయనకి కంగారేమీ కలగలేదు.

"ఇంతేనా మేడమ్? మూతలు తీసి గాలి వదిలేసి మళ్లీ బిగించండి. పైన కాస్త వేడి నూనె పోస్తే కళగా ఉంటుంది. వచ్చే పెద్దావిడ తినరు కదా, పట్టుకుని చూస్తారంతే."

"మిగతా జనం కొనుక్కుంటారు. వాళ్లు తింటారు."

"ఏం కాదండీ. మసాలా ఉంది, కారం ఉంది. అయినా ఈ సముద్రం ఒడ్డువాళ్లకి శుభ్రం ఏం తెలుస్తుందని మీరు రొయ్యల పచ్చడి పెట్టించారు? నిమ్మకాయ పెట్టిస్తే పోయేది."

అనూరాధ మీదున్న కోపమంతా ఆ ఒక్క మాటతో ఆయన మీదకి మళ్లింది.

"ఈ గదిలో అందరికంటే శుభ్రంగా చేతులు కడుక్కునేది ఆ పిల్లే. మీ ట్యాంకులో నాచుంది, అది ముందు కడిగించండి. నా సంతకం లేకుండా ఒక్క సీసా ఈ గది దాటదు." అల్మారాకి మళ్లీ తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

ఆ సాయంత్రం సీసాలన్నీ ఆటోలో వేసుకుని, అనూరాధని పక్కన కూర్చోబెట్టుకుని జాలరిపేటకి బయల్దేరింది. పోతమ్మ ఇంటి ముందు వాకిట్లో కాళ్లు చాపుకుని మోకాళ్లకి నూనె రాసుకుంటోంది. షరీఫున్నీసా ఒక సీసా ఆమె ముందు పెట్టి, పొయ్యి మీద నుంచి దించాక ఈ పచ్చడికి ఏం జరిగిందో చెప్పమంది.

పోతమ్మకి దాచాలన్న ఊహే లేదు.

"ఏటి జరుగుద్దమ్మా. పొద్దున్నే కోడలు సీసాల్లో నింపీసింది. నాను ఎల్లి చెంబుతో గంగమ్మ నీళ్లు తెచ్చి, పేరు తలుసుకుని ఒక్కోదాన్లో నాలుగు సుక్కలు సల్లినాను. అప్పుడు మూతలు పెట్టినాది."

"సముద్రం నీళ్లా? పచ్చట్లోనా?"

"మరెక్కడ సల్లుతారు? కొత్త వల కట్టినా సల్లుతాం. కొత్త తెప్ప దించినా సల్లుతాం. మా కోడలు సొంతంగా సేసిన మొదటి సరుకు ఇది. సల్లకుండా ఊరి మీదకి ఎలగ పంపేత్తాను?"

షరీఫున్నీసా అనూరాధ వైపు తిరిగింది. "నీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

"నాలుగు సుక్కలే కదా, ఉప్పు నీళ్లే కదా అనుకున్నాను మేడమ్. మూతలు సూసినాక అర్థమైంది. అంతమందిలో మా అత్త పేరు ఎలగ సెప్తాను?"

షరీఫున్నీసాకి అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. దిష్టి అన్నవాళ్ల మీద అరిచినట్టు ఈ ముసలామె మీద అరవడానికి లేదు. వాళ్లు తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి దిష్టి అన్నారు. ఈమె కోడలి మీద ఆపేక్షతో మోకాళ్లీడ్చుకుంటూ ఇసకలో నడిచి వెళ్లి నీళ్లు తెచ్చింది. పైగా తను పరాయి మతం మనిషి. గంగమ్మ గురించి ఒక్క మాట తూలినా అది పచ్చడి గొడవగా మిగలదు.

గొంతు తగ్గించుకుని అంది. "పోతమ్మా, మీ మొక్కుని నేను తప్పుపట్టను. కానీ ఆ నీళ్లే దీన్ని పాడుచేశాయి. నేను అన్ని జాగ్రత్తలూ చెప్పాను కదా."

"సెప్పినావు తల్లీ. రోజూ వచ్చి కోడలు నాకూ సెప్పింది. సబ్బన్నావు, ఆరబెట్టమన్నావు, అన్నీ సేసినాం. మీ ఇంట్లో కొత్త సరుకుకి ఏటి సేత్తారని ఒక్కపాలి అడిగినావా? అడిగుంటే సెప్పుదును."

అడగలేదు. షరీఫున్నీసాకి ముఖం మీద కొట్టినట్టయింది. ఎదురు ప్రశ్న అడిగేవాళ్లు లేరని ఇన్నేళ్లూ విసుక్కుంది. తనూ ఎవర్నీ ఏదీ అడగలేదు.

లోపలి నుంచి గాజు గ్లాసు తెప్పించింది. సగం దాకా నువ్వుల నూనె పోసి, పోతమ్మ చేతికి నీళ్ల చెంబిచ్చి ఒక చుక్క వెయ్యమంది. చుక్క నూనె మీద ఒక్క క్షణం ఆగి, మెల్లగా అడుక్కి దిగి గుండ్రంగా కూర్చుంది.

"చూశావా, పైన నిలవలేదు. అడుక్కి పోయి రొయ్యల మధ్య దాక్కుంది. సముద్రం ఉప్పు దాన్ని ఆపదు, అక్కడ బతికేవి ఆ ఉప్పులోనే బతుకుతాయి. గాలి రాని చోట తిని తిని గ్యాసు వదిలాయి. మూత ఉబ్బింది."

పోతమ్మ గ్లాసు పైకెత్తి వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

"అంటే గంగమ్మకి మా మీద కోపం రానేదు."

"ఎందుకొస్తుంది? నీళ్లు కిందకి దిగాయి, అంతే."

"మళ్లీ పెట్టీలేమా? రేపే కదా."

"ఇప్పుడు పెట్టినా నాలుగు రోజులు చూడకుండా నేను పంపను."

పోతమ్మ నూనె చేతులు చీరకి తుడుచుకుని, గోడ వైపు తిరిగిపోయింది. ఆ ముసలామె ఏడుపు చప్పుడు లేనిది. నీలం షట్టరు గది, ముందు గట్టు, అన్నీ ఆ వాకిట్లో కూలిపోయాయని షరీఫున్నీసాకి తెలుస్తూనే ఉంది. తప్పెవరిదని వెతికితే, గ్యాసు బండ వేళకి తెప్పించనివాడి దగ్గరికే మళ్లీ మళ్లీ వెళుతోంది ఆమె మనసు. కేంద్రంలోనే నింపి ఉంటే చెంబూ లేదు, చుక్కలూ లేవు.

అనూరాధ పార తెచ్చుకుంది. ఇళ్లకి దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసింది. ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు. ఒక్కో సీసా బోర్లించి, పైన సున్నం చల్లి, మట్టి కప్పి, చేతులు కడుక్కుంది. సబ్బుతో, మోచేతుల దాకా కడుక్కుంది.

మర్నాడు షరీఫున్నీసా బీచ్ రోడ్డుకి వెళ్లింది, తమ కేంద్రం బల్ల ఖాళీ అని చెప్పి రావడానికి. బల్ల ఖాళీగా లేదు. మెరిసే సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి సీసా మీదా రంగుల లేబులు: అనూరాధ రొయ్యల పచ్చడి. కింద కేంద్రం పేరు. బల్ల వెనక, పొద్దున్నే గురునాథరావు కబురుపెట్టి రప్పించిన అనూరాధ, కట్టు చెదరని కొత్త చీరలో, చేతులు ముందుకు పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పోతమ్మ.

షరీఫున్నీసా ఒక సీసా ఎత్తి చూసింది. రోజూ తను బస్సు కోసం నడిచే దారిలో, వన్ టౌన్ టోకు దుకాణాల ముందు అట్టపెట్టెల్లో కుక్కి ఉండే సీసాలవి. ఎవరో ఎక్కడో చేసి, ఎవరి పేరు కావాలంటే వాళ్ల పేరు అంటించుకోమని అమ్మే సరుకు. నూనె అడుగున మడ్డి పేరుకుని ఉంది.

గురునాథరావు ఆమె మొహం చూసి గబగబా పక్కకి తీసుకెళ్లాడు.

"మేడమ్, ఒక్క పూట. పెద్దావిడ వచ్చి చూసి వెళ్లిపోతారు. గది ఆ అమ్మాయి పేరు మీద వస్తుంది. తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు బంగారంలాంటి పచ్చడి పెట్టించుకోండి. ఇప్పుడు మీరు నోరు విప్పితే నా ఉద్యోగం పోదు, ఆ పిల్ల గది పోతుంది. ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించింది. అదే ఆమె చేసిన పొరపాటు. బల్ల వెనక ఆ ముసలామె మోకాళ్లు కనిపించాయి. ట్యాంకు గురించి, బండ గురించి, ఏప్రన్ల గురించి ఇన్నేళ్లు అరిచిన మనిషి, నిజంగా అరవాల్సిన చోట కొంగు చివర మెలిపెట్టుకుంటూ నిలబడిపోయింది. తన మీద తనకే రోత పుట్టింది.

పెద్దావిడ వచ్చింది. వెనక కెమెరాలు, దండలు, మైకు పట్టుకున్న కుర్రాళ్లు. గురునాథరావు వంగి వంగి దారి చూపించాడు. "మత్స్యకార మహిళ మేడమ్, మన కేంద్రంలోనే శిక్షణ. పూర్తిగా సొంతంగా తయారుచేసింది." పెద్దావిడ సీసా చేతిలోకి తీసుకుని నవ్వింది. ఫొటోల్లో సరిగ్గా పడేలా పట్టుకుంది.

"చాలా బాగుందమ్మా. నువ్వే చేశావా?"

అనూరాధ గురునాథరావు వైపు చూడలేదు, టీచరు వైపూ చూడలేదు. సీసా మూత వైపు చూసింది.

"నాను సెయ్యనేదండి."

పెద్దావిడకి సరిగ్గా వినిపించలేదనుకుని గురునాథరావు ఏదో అందుకోబోయాడు. అనూరాధ ఆగలేదు.

"నాను సేసినవి పాడైపోనాయండి. మూతలు ఉబ్బీసినాయి. నిన్న గొయ్యి తీసి పూడ్సీసినాను. ఇవి ఎవులు సేసినారో నాకు తెల్దు. ఏ రొయ్యలో, ఏ నీళ్లో, ఎన్నాళ్ల కిందటివో తెల్దు. తినొచ్చో లేదో నాను సెప్పలేను. మీరు మాత్రం నా పేరు సూసి తినకండి."

మైకు పట్టుకున్న కుర్రాడు మైకు దించేశాడు. పెద్దావిడ నవ్వు అలాగే ఉంచుకుని సీసాని మెల్లగా బల్ల మీద పెట్టి, కుట్టుపని బల్ల వైపు నడిచింది. జనం ఆవిడ వెనకే కదిలారు. అంతా అర నిమిషంలో అయిపోయింది.

గురునాథరావు ముందు అనూరాధ మీదకి వచ్చాడు. "గది పోయింది, తెలుస్తోందా నీకు? ఇంకెవరికో రాసేస్తారు. ఇక నువ్వు ఎన్నేళ్లు తిరిగినా రాదు." తర్వాత షరీఫున్నీసా వైపు తిరిగాడు. "ఇదేనా మీరు నేర్పింది? ఏప్రిల్లో మాట్లాడదాం మేడమ్." జవాబు కోసం ఆగకుండా పెద్దావిడ వెనక పరిగెత్తాడు.

షరీఫున్నీసాకి చెప్పాల్సిన మాటలన్నీ అప్పుడు వచ్చాయి. వినాల్సినవాడు వెళ్లిపోయాడు. ఆయన మీద కోపం, నవ్వు చెక్కుచెదరకుండా నడిచివెళ్లిన ఆవిడ మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ తన మీద కోపం. ఆ పిల్ల గది కోసమని తను నోరు మూసుకుంది. ఆ గది అవసరం ఎవరిదో ఆ పిల్ల మూసుకోలేదు.

"నేను చెప్పాల్సింది బేటీ. నేను నిలబడి చూశాను."

అనూరాధ సీసాల వైపు తిరిగింది. బల్ల ముందుకొచ్చి, మొదటి సీసా తీసుకుని, గోటితో లేబులు అంచు లేపి లాగింది. సగమే వచ్చింది. మిగిలిన సగం మీద తన పేరు ఇంకా కనిపిస్తుంటే, అది కూడా పోయేదాకా గీరింది. సీసాని పక్కన పెట్టి రెండోది తీసింది.

పోతమ్మ కుర్చీలోంచి కష్టంగా లేచింది. కోడలు చేస్తున్నది కాసేపు చూసింది.

"నాకు సదువు రాదు. నీ పేరు ఎక్కడుందో సూపించే" అంది.

అనూరాధ చూపించింది. ముసలామె ఆ చోట వేలు పెట్టి గీరడం మొదలుపెట్టింది. షరీఫున్నీసా బల్లకి అవతలి పక్కకి వెళ్లి, వెనక వరస సీసాలు తన ముందుకు లాక్కుంది.